వ్యాపార జెట్‌కి మిలిటరీ రంగు వేస్తే సరిపోతుందా? డైమండ్ నుంచి జేహాక్ దాకా

"చిన్న వ్యాపార జెట్లను మిలిటరీ వాళ్లు కొంటారని చదివాను. రంగు మార్చి పెద్ద ఆఫీసర్లను తిప్పుకోవడానికేనా, లేక విమానంలో నిజంగా ఏమైనా మారుస్తారా? ఒక విమానం తీసుకుని మొదటి నుంచి చెప్పగలరా?" అని అడిగారు.

రంగు మార్చి ఆఫీసర్లను తిప్పడమూ ఉంది. అమెరికా వాయుసేన సీ-21 అని పిలిచేది లియర్‌జెట్ 35నే. అలాంటి వాటి మీద రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. నేను ముప్పై ఏళ్లకు పైగా విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం చిన్న జెట్ల కిందే గడిచింది. నన్నడిగితే చెప్పుకోదగ్గ కథ ఉన్నది మిత్సుబిషి డైమండ్‌కి. జపాన్‌లో పుట్టింది, అమెరికాలో బీచ్‌జెట్ అయింది, వాయుసేనలో చేరి టీ-1ఏ జేహాక్ అయింది. పేర్లు మూడు, అస్థిపంజరం ఒక్కటే.

కథలోకి వెళ్లేముందు ఒక పోలిక చెబుతాను, తర్వాత పనికొస్తుంది. మీ ఇంట్లో ఒక మారుతి కారు ఉంది. ఆదివారం గుడికి, నెలకోసారి ఊరికి తీసుకెళ్తారు. అదే కారు డ్రైవింగ్ స్కూల్ వాడి చేతిలో ఉందనుకోండి. రోజుకి పదిమంది కొత్తవాళ్లు క్లచ్ తొక్కుతారు, వదులుతారు, ఇంజన్ ఆపేస్తారు, మళ్లీ స్టార్ట్ చేస్తారు. కిలోమీటర్లు చూస్తే మీ కారే ఎక్కువ తిరిగి ఉండొచ్చు. కానీ ముందు పాడయ్యేది ఏది? వ్యాపార జెట్‌ని శిక్షణకి పెట్టడమంటే అదే. బయటికి విమానం మారదు, అది గడిపే రోజు మారిపోతుంది. ఇంజనీర్లు చేసే మార్పులన్నీ ఆ కొత్త రోజుని తట్టుకోవడానికే.

ఇక డైమండ్ సంగతి. మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ 1963లో ఎంయూ-2 అనే ట్విన్ టర్బోప్రాప్‌ని, అంటే జెట్ ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిరిగే రెండింజన్ల విమానాన్ని, మొదటిసారి ఎగరేసింది. చిన్న రెక్క, ఎక్కువ వేగం, అమెరికాలో బాగానే అమ్ముడుపోయింది. టెక్సస్‌లోని శాన్ ఆంజెలోలో దాన్ని బిగించేవారు. ఆ ధైర్యంతోనే జెట్‌కి దిగారు. ఎంయూ-300 డైమండ్ 1978 ఆగస్టు 29న మొదటిసారి గాల్లోకి లేచింది. వెనక ఫ్యూజలాజ్‌కి (విమానం మొండానికి) రెండు వైపులా ప్రాట్ అండ్ విట్నీ కెనడా వాళ్ల జేటీ15డీ-4 టర్బోఫ్యాన్లు, ఒక్కోదానికి 2,500 పౌండ్ల థ్రస్ట్.

ఈ విమానంలో నాకు ఇష్టమైన భాగం రెక్క. వైశాల్యం దాదాపు 22.4 చదరపు మీటర్లే. చిన్న రెక్కకి డ్రాగ్ (గాలి అడ్డు) తక్కువ, పైన వేగంగా పోతుంది. గాలి కుదుపులకి కూడా పెద్ద రెక్క ఉన్న విమానమంత ఊగిపోదు. చిక్కంతా దిగేటప్పుడే. వేగం తగ్గితే చిన్న రెక్క బరువు మోయలేదు కాబట్టి పెద్ద ఫ్లాప్‌లు, అంటే దిగేటప్పుడు రెక్క వెనక నుంచి కిందికి వాలే పలకలు, కావాలి. ఎంయూ-2లోలాగే ఇక్కడా రెక్క వెనక అంచు పొడవునా దాదాపు మొత్తం ఫ్లాప్‌లకే ఇచ్చేశారు. మామూలు విమానంలో ఆ అంచు చివర్లో ఐలరాన్లు ఉంటాయి, విమానం పక్కకి వాలేది వాటితోనే. ఇక్కడ వాటికి చోటు లేదు. అందుకని రెక్క పైభాగంలో స్పాయిలర్లు, అంటే పైకి లేచే పలకలు, పెట్టారు. కుడివైపుకి తిరగాలంటే కుడి రెక్క మీద స్పాయిలర్ లేస్తుంది, అక్కడ లిఫ్ట్ (పైకి మోసే బలం) చెడుతుంది, ఆ రెక్క కిందికి వాలుతుంది. ఐలరాన్‌లా ఒక రెక్కని పైకి నెట్టడం కాదు, రెండో దాని బలం తీసేయడం. మొదటిసారి నడిపే పైలట్‌కి చేతికి కొంచెం కొత్తగా అనిపిస్తుంది. ఆ చిన్న రెక్కని గుర్తుపెట్టుకోండి, పదిహేనేళ్ల తర్వాత వాయుసేనకి అక్కరకొచ్చింది.

మిత్సుబిషికి మాత్రం ముహూర్తం కలిసిరాలేదు. 1979 మే 25న షికాగోలో ఒక డీసీ-10 టేకాఫ్‌లోనే ఇంజన్ ఊడిపోయి కూలింది, 273 మంది చనిపోయారు. ఆ తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కొత్త విమానాలకి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని బిగించింది. డీసీ-10తో ఏ సంబంధమూ లేని ఈ చిన్న జెట్ కూడా ఆ వరుసలో ఇరుక్కుంది. చివరికి 1981 నవంబర్ 6న సర్టిఫికెట్ వచ్చింది. అప్పటికి అమెరికాలో మాంద్యం, వడ్డీలు ఆకాశంలో ఉన్నాయి, కంపెనీలు ఉన్న జెట్లే అమ్ముకుంటున్నాయి. 1984లో 2,900 పౌండ్ల జేటీ15డీ-5 ఇంజన్లతో డైమండ్ 2 ఎగిరింది. విమానం బాగుంది, బేరమే లేదు. 1985 సెప్టెంబర్ తర్వాత డాలర్‌తో పోలిస్తే యెన్ విలువ దూసుకుపోయింది. జపాన్‌లో భాగాలు చేసి అమెరికాలో అమ్మేవాడికి అంతకన్నా దెబ్బ ఏముంటుంది! ఆ డిసెంబర్‌లోనే డైమండ్ 2 హక్కులు కాన్సస్ రాష్ట్రం విచిటాలోని బీచ్ ఎయిర్‌క్రాఫ్ట్‌కి వెళ్లిపోయాయి.

బీచ్ అంటే కింగ్ ఎయిర్ టర్బోప్రాప్‌ల కంపెనీ. అప్పటికి రేథియాన్ అనే అమెరికా రక్షణ కంపెనీ చేతిలో ఉంది. కొనేవాళ్లు కింగ్ ఎయిర్‌తో మొదలుపెట్టి, డబ్బు పెరిగాక జెట్ కావాలంటే పక్క వీధిలోని సెస్నాకో లియర్‌జెట్‌కో పోయేవాళ్లు. విచిటాలో చదువుకున్న మనవాళ్లకి తెలిసే ఉంటుంది, ఆ ఊళ్లో 'పక్క వీధి' అన్నది దాదాపు నిజమే. డైమండ్‌తో బీచ్‌కి ఆ లోటు తీరింది. పేరు బీచ్‌జెట్ 400 అయింది. మొదట్లో జపాన్ నుంచి వచ్చిన భాగాలను బిగించారు, 1986లో మొదటిది బయటికొచ్చింది, 1989 నాటికి తయారీ మొత్తం విచిటాకి మారిపోయింది. అదే ఏడు 400ఏ అనే మెరుగైన రూపం ఎగిరింది. క్యాబిన్ వెనక చోటు తింటున్న ఇంధన ట్యాంక్‌ని నేల కిందికి తోసి లోపల జాగా పెంచారు. 45,000 అడుగుల దాకా ఎగరడానికి అనుమతి వచ్చింది. కాక్‌పిట్‌లో గుండ్రటి గడియారాల్లాంటి ముళ్ల మీటర్లు పోయి కాలిన్స్ ప్రో లైన్ 4 తెరలు వచ్చాయి. మిలిటరీ చేతికి వెళ్లేది ఈ 400ఏకి తోబుట్టువే.

ఇప్పుడు వాయుసేన వైపు నుంచి చూద్దాం. 1960ల నుంచి అమెరికా వాయుసేనలో పైలట్ కావాలనుకున్న ప్రతివాడూ ఒకే దారిలో నడిచాడు: ముందు టీ-37 శిక్షణ జెట్, తర్వాత టీ-38. టీ-38 సూపర్‌సోనిక్, ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు, వెన్ను విరిచే మలుపులు తిరుగుతుంది. ఫైటర్‌కి పోయేవాడికి సరే. రేపు నలుగురు సిబ్బందితో, గాల్లో ఇతర విమానాలకి ఇంధనం నింపే నాలుగింజన్ల కేసీ-135 ట్యాంకర్ నడపబోయేవాడికి అదెందుకు? పైగా టీ-38ల వయసు పెరుగుతోంది, కొత్తవి రావడం లేదు. ట్యాంకర్ పైలట్ల కోసం తగలేసే ప్రతి గంటా ఫైటర్ పైలట్ల గంటే. దాంతో దారిని రెండుగా చీల్చారు. మొదటి మెట్టు అందరికీ ఒకటే, తర్వాత ఫైటర్ల వాళ్లు టీ-38కి, రవాణా, ట్యాంకర్ల వాళ్లు ఇంకో విమానానికి.

ఆ ఇంకో విమానం కోసం పెట్టిన పోటీ పేరు ట్యాంకర్ ట్రాన్స్‌పోర్ట్ ట్రైనింగ్ సిస్టమ్. అందులో 'సిస్టమ్' అన్న మాట ముఖ్యం, ఎందుకంటే వాళ్లు అడిగింది విమానాన్ని మాత్రమే కాదు. 1990 ఫిబ్రవరి 21న కాంట్రాక్ట్ గెలిచిన జట్టుకి మెక్‌డొనెల్ డగ్లస్ పెద్దన్న, విమానం బీచ్‌ది, సిమ్యులేటర్లు క్వింట్రాన్‌వి. మొత్తం 180 విమానాలు చేశారు. మొదటిది 1992 జనవరిలో టెక్సస్ లబ్బక్ దగ్గరి రీస్ స్థావరానికి వెళ్లింది, చివరిది 1997లో. జేహాక్ అన్న పేరు కాన్సస్ వాళ్ల కల్పిత పక్షిది. విచిటా వాళ్లు తమ ఊరి ముద్ర వేసుకున్నారన్నమాట.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న: ఏం మారింది?

వ్యాపార జెట్ రోజు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున ఒక టేకాఫ్, 40,000 అడుగుల మీద ప్రశాంతంగా రెండు గంటలు, ఒక ల్యాండింగ్. సాయంత్రం తిరుగు ప్రయాణం. ఏడాదికి నాలుగైదు వందల గంటలు తిరిగితే అదే గొప్ప. జేహాక్ రోజు వేరు. రన్‌వే మీద దిగి, ఆగకుండా మళ్లీ లేచి, తిరిగొచ్చి మళ్లీ దిగడమే పాఠం. అది అయ్యాక నేలకి కొన్ని వందల అడుగుల ఎత్తులో, టెక్సస్ మధ్యాహ్నపు వేడిగాలి కుదుపుల్లో నావిగేషన్. ఆ తర్వాత ఇంకో విమానం పక్కన ఫార్మేషన్, అంటే దాన్ని అంటిపెట్టుకుని ఎగరడం. ఇదంతా ఇంకా చేయి కుదరని పిల్లవాడి చేతుల్లో.

లోహానికి అలుపు గంటలని బట్టి రాదు, ఎన్నిసార్లు వంగి తిరిగొచ్చిందన్న దాన్ని బట్టి వస్తుంది. నలభై వేల అడుగుల మీద గాలి సాఫీగా ఉంటుంది కాబట్టి రెక్క పెద్దగా వంగదు. కింద ప్రతి కుదుపూ ఒక వంపు. ప్రతి ల్యాండింగూ గేర్ మీద ఒక గుద్దు, రెక్క మొదలు దగ్గర ఒక ఎదురు వంపు. అందుకే రెండు రెక్కలనీ కలుపుతూ ఫ్యూజలాజ్ గుండా పోయే నిర్మాణాన్ని (కేరీ-త్రూ) బలపరిచారు. ఇంజన్లు తగిలించే చోట్లని బలపరిచారు. ల్యాండింగ్ గేర్‌ని గట్టిచేశారు. ఇవేవీ బయటికి కనపడవు. ఎయిర్ షోలో జేహాక్ పక్కన నిలబడి ఫొటో దిగేవాడికి అది తెల్లరంగు వేసిన బీచ్‌జెట్టే.

చిన్న రెక్క అక్కరకొచ్చిందన్నది ఇక్కడే. టీ-1ఏ గరిష్ఠ టేకాఫ్ బరువు దాదాపు 7,300 కిలోలు. చదరపు మీటరు రెక్కకి 325 కిలోల పైన పడుతుంది. ఈ తరగతి విమానానికి అది ఎక్కువే. బరువు ఎక్కువ మోసే రెక్క కుదుపుకి తక్కువ స్పందిస్తుంది. పైన వేగం కోసం 1970ల్లో నగోయాలో ఎవరో గీసిన రెక్క, 1990ల్లో టెక్సస్‌లో నేలబారున ఎగిరే పిల్లల కడుపులో తిప్పకుండా కాపాడింది. ఇలాంటివి ప్లాన్ చేస్తే రావు.

పక్షుల సంగతి. వ్యాపార జెట్ పది నిమిషాల్లో పక్షులు ఉండే ఎత్తు దాటిపోతుంది. జేహాక్ గంటల తరబడి ఆ ఎత్తులోనే తిరుగుతుంది. అందుకని విండ్‌షీల్డ్‌నీ, రెక్క ముందు అంచులనీ పక్షి గుద్దినా తట్టుకునేలా బలంగా చేశారు. అలాగే క్యాబిన్ కిటికీలు తగ్గించారు. అవతల సీఈవోకి కిటికీ కావాలి, మెయింటెనెన్స్ వాడికి మాత్రం ప్రతి కిటికీ అద్దం, సీలు, చుట్టూ పగుళ్ల కోసం వెతకాల్సిన అంచు. ప్రెజరైజ్డ్ గొట్టంలో రంధ్రం తగ్గితే పనీ తగ్గుతుంది. ఆ నిర్ణయం తీసుకున్న వాళ్లకి నా నమస్కారం.

చల్లదనం గురించి ఒక్క మాట. ఎండాకాలం బేగంపేట ఏప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద రెండు గంటలు నిలబెట్టిన చిన్న జెట్‌లో ఎప్పుడైనా కూర్చున్నారా? సీట్ బెల్ట్ బకిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. మామూలుగా అయితే టేకాఫ్ అయిన కాసేపటికే బయటి చల్లగాలి ఆదుకుంటుంది. జేహాక్ కిందే తిరుగుతుంది కాబట్టి ఆ ఊరట లేదు. అందుకని దాని ఎయిర్ కండిషనింగ్ సామర్థ్యాన్ని పెంచారు. ఇది విలాసం అనుకునేవాళ్లు చెమటతో తడిసిన కుర్రాడికి అప్రోచ్ చార్ట్ చదివించి చూడండి.

ఇంధనం ఎక్కువ పట్టేలా అదనపు ట్యాంక్ ఇచ్చారు. దానికన్నా నాకు నచ్చింది సింగిల్ పాయింట్ రీఫ్యూయలింగ్. మామూలు చిన్న జెట్‌కి రెక్క మీదికెక్కి, మూత తీసి, పెట్రోల్ బంకులోలా పైనుంచి పోయాలి. ఇక్కడ కింద ఒకే చోట గొట్టం బిగిస్తే ప్రెజర్‌తో అన్ని ట్యాంకులూ నిండుతాయి. రోజుకి ఒక ఫ్లైట్ తిరిగే విమానానికి ఇదొక సౌకర్యం మాత్రమే. వరసగా పది విమానాలు దిగి గంటలో మళ్లీ లేవాల్సిన ఫ్లైట్ లైన్ మీద మాత్రం ఇది లేకపోతే టైమ్‌టేబుల్ కూలిపోతుంది.

ఏవియానిక్స్ (రేడియో, నావిగేషన్ లాంటి ఎలక్ట్రానిక్స్) పెట్టెలని ముక్కులోంచి క్యాబిన్‌లోకి మార్చారు. ఖాళీ చేసిన క్యాబిన్ సీట్ల వల్ల చోటు దొరికింది, టెక్నీషియన్‌కి నీడ కూడా దొరికింది. వీహెచ్‌ఎఫ్‌తో పాటు మిలిటరీ యూహెచ్‌ఎఫ్ రేడియో వచ్చింది. టాకాన్ అనే నావిగేషన్ పరికరంలో రెండు విమానాల మధ్య దూరం చూపించే పద్ధతి కూడా ఉంది. ఇదెందుకంటే, ట్యాంకర్ పైలట్ జీవితంలో ముఖ్యమైన పని ఆకాశంలో ఒక చోట, ఒక నిమిషానికి, ఇంకో విమానాన్ని కలుసుకోవడం. జేహాక్‌లో ఇంధనం ఇచ్చే గొట్టమేమీ లేదు. కానీ ఇంకో జేహాక్‌ని ట్యాంకర్ అనుకుని దాన్ని వెతికి, దగ్గరికి చేరి, పక్కన నిలబడే ప్రాక్టీసంతా చేయించొచ్చు.

అన్నిటికన్నా విలువైనది మాత్రం వాయుసేన ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సంపాదించుకుంది: పక్కపక్కన రెండు సీట్లున్న కాక్‌పిట్. కుర్రాడు ఒక సీట్లో, ఇన్‌స్ట్రక్టర్ రెండో సీట్లో, వాళ్ల వెనక జంప్ సీట్ మీద ఇంకో కుర్రాడు. ఒకడు నడుపుతాడు, ఒకడు చెక్‌లిస్ట్ చదివి రేడియో చూసుకుంటాడు, మూడోవాడు ఇద్దరి తప్పులూ గమనిస్తూ తన వంతు కోసం చూస్తాడు. టీ-38లో ఇది నేర్పలేరు, వెనకవాడికి ముందువాడి తల తప్ప ఏదీ కనపడదు. రవాణా విమానం నడపడంలో సగం విద్య పక్కవాడితో మాట్లాడటమే. రంగు తెరల సంగతి కూడా అలాంటిదే. టీ-37, టీ-38లు ఇంకా గడియారాల మీదే నడుస్తున్న 1993లో, జేహాక్ ఎక్కిన విద్యార్థి మొదటి రోజు నుంచీ తెరలు చూసి ఎగిరాడు.

మీలో కొందరికి సందేహం రావచ్చు, ఇది ఒక్క అమెరికా గొడవేనా అని. కాదు. బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ 1960ల్లోనే హెచ్ఎస్ 125 జెట్‌ని డొమినీ పేరుతో నావిగేటర్ల బడిగా మార్చింది. 20 విమానాలు, 2011 దాకా పనిచేశాయి. అమెరికా నేవీ సెస్నా సైటేషన్ 2కి రెక్కలు కత్తిరించి, ముక్కులో రాడార్ పెట్టి టీ-47గా పదిహేను వాడింది. మన దగ్గర వ్యాపార జెట్ కాదు గానీ ఆలోచన అదే. ప్రయాణికుల కోసం పుట్టిన ఆవ్రో విమానాలు బేగంపేటలో నావిగేటర్లకి పాఠశాలలయ్యాయి. సికింద్రాబాద్‌లో పెరిగినవాళ్ల చెవులకి ఆ జంట టర్బోప్రాప్ ఈల బాగా గుర్తుండే ఉంటుంది. దుండిగల్‌లో మొదటి మెట్టు దాటి రవాణా వైపు వెళ్లే మన కుర్రాళ్లు యలహంకలో డోర్నియర్ 228 ఎక్కుతారు. అదీ కమ్యూటర్ విమానమే.

డైమండ్ కథలో అందమైన మలుపు మాత్రం 1990ల మధ్యలో వచ్చింది. జపాన్ వాయుసేనకి రవాణా పైలట్ల శిక్షణకి జెట్ కావాల్సొచ్చింది. వాళ్లు కొన్నది టీ-400, అంటే ఈ బీచ్‌జెట్టే, 13 విమానాలు. తొట్టొరి ప్రిఫెక్చర్‌లోని మిహో స్థావరంలో చేరాయి. యెన్ దెబ్బకి అమ్మేసుకున్న విమానాన్ని పదేళ్లకి అదే దేశం అమెరికా నుంచి దిగుమతి చేసుకుంది. నగోయాలో దాన్ని గీసిన పాత ఇంజనీర్లు ఆ రోజు ఏమనుకున్నారో!

లోపాలు చెప్పకుండా ముగిస్తే అమ్మకాల కరపత్రంలా ఉంటుంది. 2000ల మధ్యలో అమెరికాలో పౌర బీచ్‌జెట్ 400ఏలకి ఎత్తులో రెండు ఇంజన్లూ ఒకేసారి ఆరిపోయిన ఘటనలు జరిగాయి. 2005 నవంబర్‌లో ఒకటి ఇంజన్లు లేకుండానే గ్లైడ్ చేసుకుంటూ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో క్షేమంగా దిగింది. కారణం మామూలు మంచు కాదు, ఉరుము మేఘాల పైన ఉండే సన్నటి ఐస్ స్ఫటికాలు. అవి విండ్‌షీల్డ్ మీద అంటవు, రాడార్‌లో సరిగా కనపడవు. ఇంజన్ లోపల కంప్రెసర్ వేన్ల మీద పేరుకుంటాయి, పైలట్ దిగడానికి థ్రాటిల్ వెనక్కి లాగగానే ఊడి లోపలికి పోతాయి, మంట ఆరిపోతుంది. అలాంటి చోట ఇంజన్ యాంటీ ఐస్ ముందే వేసుకోమని దర్యాప్తు సంస్థ గట్టిగా చెప్పింది. టీ-1ఏలో ఉన్నదీ అదే కుటుంబం ఇంజన్, జేటీ15డీ-5బీ. పౌర విమానం నుంచి పుట్టిన మిలిటరీ విమానానికి ఉన్న మేలు ఇలాంటప్పుడే తెలుస్తుంది. పాఠం ఎవరో ఒకరు ముందే నేర్చుకుని ఉంటారు, విడిభాగం ఎక్కడో ఒకచోట షెల్ఫ్ మీద ఉంటుంది. మరో వైపు, పౌర తయారీ ఆగిపోతే ఆ షెల్ఫ్ కూడా ఖాళీ అవుతుంది. బీచ్‌కి వారసురాలైన హాకర్ బీచ్‌క్రాఫ్ట్ 2012లో దివాలా రక్షణ కోరి, తర్వాత జెట్ల తయారీ నుంచే తప్పుకుంది.

జేహాక్ కథ ముగింపుకొచ్చింది. 2023 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌లోనే అమెరికా వాయుసేన మొదటి విడతగా 50 విమానాలను తీసేస్తామని అడిగింది. వాటి స్థానంలో వస్తున్నది ఇంకో వ్యాపార జెట్ కాదు. మొదటి మెట్టులో టీ-6 టర్బోప్రాప్ మీద గంటలు, మిగతా సిబ్బంది పాఠాలకి సిమ్యులేటర్. ఆలోచిస్తే ఇందులో విడ్డూరమేమీ లేదు. టీ-38 మీద జేహాక్ గెలిచింది మలుపుల్లో కాదు, కాక్‌పిట్‌లో ఇద్దరు మాట్లాడుకునే తీరు నేర్పడంలో. చెక్‌లిస్ట్, రేడియో, తెరలు, పక్కవాడు: ఇవన్నీ నేల మీది గదిలో కూడా పెట్టొచ్చని ఇప్పుడు వాయుసేన అంటోంది. నాకు మాత్రం పూర్తిగా నమ్మకం కుదరలేదు. సిమ్యులేటర్ ఎంత ఊగినా, వెనక జంప్ సీట్ మీద కూర్చున్నవాడి ముఖం పాలిపోదు.

రెక్కల కేరీ-త్రూ బలపరచడం మీద ఎవరికైనా ఇంకా వివరంగా కావాలంటే అడగండి, వేరే సమాధానంగా రాస్తాను. అదొక్కటే ఇంత పొడుగు అవుతుంది.